లెక్కల్లో వెనకబడిన ఎనిమిదో తరగతి పాప: ట్యాబ్ కొనాలా, ఆన్‌లైన్ ప్యాకేజీ కట్టాలా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. పాప 8వ తరగతి, బాబు 3వ తరగతి. ఇద్దరిదీ ఇంగ్లిష్ మీడియం, స్టేట్ సిలబస్. పాపకు లెక్కల్లో, ఫిజికల్ సైన్స్‌లో మార్కులు బాగా తగ్గాయి. స్కూల్ వాళ్ళు ట్యాబ్ కొనమంటున్నారు. ఒక ఆన్‌లైన్ కోచింగ్ కంపెనీ ఆయన ఇంటికొచ్చి డెమో ఇచ్చి, రెండేళ్ళ ప్యాకేజీ 48 వేలు, ఈఎంఐలో కట్టొచ్చు, ఆదివారంలోపు చెబితే డిస్కౌంట్ అన్నారు. బాబేమో ఫోన్ వదలడు. మేమిద్దరం ఉద్యోగస్తులం, ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు దాటుతుంది. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

ఆదివారంలోపు మాత్రం ఎక్కడా సంతకం పెట్టకండి. ఆ డిస్కౌంట్ ఎక్కడికీ పోదు. ఇప్పుడు దసరా ఆఫర్ అంటారు, తర్వాత సంక్రాంతి ఆఫర్ అంటారు, అంతే తేడా.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు, ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటింది. డిజిటల్ పాఠాలు ఎలా వాడాలో తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే పని కూడా చేస్తుంటాను. మా క్లాసులో గోడకు పెద్ద ప్యానెల్ ఉంది, వారంలో చాలా పీరియడ్లు దాని మీదే నడుస్తాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసేది చదివి నన్ను ఫోన్లంటే పడని పాతకాలం మాస్టారు అనుకోవద్దు.

మీరు యాప్ మంచిదా, ట్యాబ్ కొనాలా అని అడిగారు. ఆ రెంటికంటే ముందు తెలియాల్సింది మీ ప్రశ్నలో లేదు. పాప ఏ లెక్క దగ్గర ఆగిపోతోంది? మార్కులు తగ్గాయని రాశారు గానీ అది రాయలేదు. డెమో ఇచ్చిన ఆయనా అడిగి ఉండడు. మహా అయితే పది ప్రశ్నల టెస్ట్ ఒకటి పెట్టి, ఎర్ర రంగు గ్రాఫ్ చూపించి, పాపకు బేసిక్స్ వీక్ అని ఉంటాడు. ఆ మాట ఏ పిల్ల గురించైనా చెప్పొచ్చు.

ఇంట్లోనే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తెల్ల కాగితం మీద పాపకు ఈ లెక్క ఇవ్వండి: ఒక సంఖ్యలో సగం, అదే సంఖ్యలో మూడో వంతు కలిపితే 10. ఆ సంఖ్య ఎంత? జవాబు 12, సగం 6, మూడో వంతు 4. జవాబు కంటే అది ఎక్కడ తడబడిందో మీకు ముఖ్యం. సమీకరణమే రాయలేకపోతే, మాటల్లో ఉన్న లెక్కను గుర్తుల్లోకి మార్చడం రావట్లేదు. సమీకరణం రాసి ఆగిపోతే, విడిగా 1/2 + 1/3 ఎంత అని అడగండి. 2/5 అని రాసిందనుకోండి, పైవి పైవి కలిపి, కిందవి కిందవి కలిపేసింది. అప్పుడు పాప ఎనిమిదో తరగతిలో కూర్చున్నా లెక్కలు అయిదో తరగతిలో ఆగాయన్నమాట. 5/6 అని సరిగ్గా రాసి సమీకరణం దగ్గర మాత్రమే తికమకపడితే లోపం ఈ ఏడాది పాఠంలోనే ఉంది. ఈ రెండు రకాల పిల్లలకూ పరీక్షలో ఒకే మార్కు వస్తుంది. చేయించాల్సిన పని మాత్రం వేరు.

ఇంకో రెండు ఇవ్వండి. 4032ను 8తో భాగించమనండి. సరైన జవాబు 504. చాలామంది 54 రాస్తారు, మధ్యలో సున్నా వేయడం మర్చిపోతారు. భాగహారం చేయడం వచ్చు, స్థానవిలువ రాదు. ఆ తర్వాత మైనస్ 3 లోంచి మైనస్ 7 తీసేస్తే ఎంత అని అడగండి. జవాబు 4. మైనస్ 10 అంటే రుణసంఖ్యలు ఆరో తరగతి నుంచీ అలాగే మోసుకొస్తోంది. పక్కన కూర్చుని టైం పెట్టొద్దు, ఇంత చిన్నది రాదా అనొద్దు. ఎలా చేశావో చెప్పు అని మాత్రం అడిగి, పూర్తిగా చెప్పనివ్వండి. రబ్బరు దాచేయండి. చెరిపేసిన తప్పు వల్ల మీకు ఏమీ తెలియదు.

దీన్ని ఇంత సాగదీసి ఎందుకు రాస్తున్నానంటే, స్కూల్ పిల్లలకు కంప్యూటర్ మేలు చేసిందని గట్టిగా తేలిన చోట కిటుకు ఇదే. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు లాటరీ పద్ధతిలో పిల్లలను ఎంపిక చేసి అధ్యయనం చేశారు, అది 2019లో అచ్చయింది. అక్కడి ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతులకు పోయేకొద్దీ ఆ దూరం పెరుగుతూ పోయింది. ఆ సాఫ్ట్‌వేర్ తరగతిని పట్టించుకోకుండా, పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో, హిందీలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అందరూ మర్చిపోయే సంగతి ఇంకోటుంది. ఆ సెంటర్లో పిల్ల గడిపే గంటన్నరలో సగం సేపే సాఫ్ట్‌వేర్. మిగతా సగం చిన్న గుంపుగా ఒక మనిషి దగ్గర కూర్చునేవారు. యాప్ అమ్మేవాళ్ళ స్లైడ్‌లో మొదటి సగమే ఉంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ పెరూ దేశం. పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద అక్కడి పల్లె బడుల్లో పెద్ద ఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. తర్వాత కొలిచి చూస్తే లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. వస్తువు చేరింది, దాంతో ఏ పాఠం ఎలా చెప్పాలన్నది చేరలేదు.

మన దగ్గర ఈ కథ పాతదే. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకు టీవీ పాఠాలు పంపింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. తెలుగు కార్యక్రమాల తయారీ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉండేది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ ‘మన టీవీ’ వచ్చింది, 2017లో అది టీ-శాట్ అయింది. కరోనాలో బడులు మూతపడ్డాక 2020 సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి వరకు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వేశారు. పాఠాలు బాగానే చెప్పారు. కష్టమంతా అవతలి వైపు ఉండేది: పిల్లకు డౌట్ వస్తే టీవీ ఆగదు. మేం టీచర్లం ఇళ్ళకు ఫోన్లు చేసి, వర్క్‌షీట్లు పంచి, నోట్‌బుక్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమనేవాళ్ళం. ఒకే ఫోన్, అదీ నాన్న డ్యూటీ నుంచి వచ్చాకే దొరికే ఇళ్ళు మా బస్తీలో బోలెడు. రాత్రి తొమ్మిదింటికి ఒక మసక ఫొటో వచ్చేది. మేం దాని మీద ఎర్ర గీత గీసి తిరిగి పంపిన పిల్లలు ఎంతో కొంత నిలబడ్డారు. పాఠం చూసి ఊరుకున్న వాళ్ళు బడి తెరిచాక దాదాపు మొదటికే వచ్చారు. నేను చూసింది ఒక బడినే, అయినా అప్పటి నుంచి ఏ యాప్ గురించి అడిగినా నేను ముందు అడిగేది పిల్ల చేసిన తప్పు ఎవరి కంట పడుతుంది అని.

ఇక మీ ఇంటి సంగతి. ఏడు దాటాక ఇల్లు చేరతామన్నారు. చాలు. పాపతో రోజూ పాతిక నిమిషాలు, వారానికి అయిదు రోజులు అనుకుందాం. పైన ఇచ్చిన లెక్కల్లో తప్పు భిన్నాల దగ్గర బయటపడితే ఆరో తరగతి పుస్తకం తెరవండి. ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ వెబ్‌సైట్‌లో అన్ని తరగతుల పుస్తకాలూ పీడీఎఫ్‌గా ఉచితంగా ఉన్నాయి. చేతిలో పుస్తకమే కావాలంటే కోఠిలో పాత పుస్తకాల షాపులు ఉండనే ఉన్నాయి. ఎనిమిదిలో ఉండి ఆరో తరగతి పుస్తకమా అని పాప చిన్నబుచ్చుకుంటుంది. అట్ట వేసి ఇవ్వండి, క్లాస్ నంబర్ కనపడదు. పుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ ఉంటే దీక్ష యాప్‌తో స్కాన్ చేయండి, ఆ పాఠానికి సంబంధించిన వీడియో వస్తుంది. దీక్ష కేంద్ర ప్రభుత్వానిది, 2017 నుంచి నడుస్తోంది, డబ్బు అడగదు. యాప్ కాస్త నెమ్మది, వీడియోలన్నీ ఒకే స్థాయిలో లేవు. నచ్చకపోతే ఖాన్ అకాడమీ చూడండి, అదీ ఉచితమే, అందులో ప్రశ్నలు కూడా ఉంటాయి. ఈ రెండు చాలు. పది యాప్‌లు వేసుకుంటే రోజూ ఏది తెరవాలన్న దగ్గరే పావుగంట పోతుంది.

వీడియో ఎలా చూడాలో పిల్లలకు ఎవరూ నేర్పరు. వెనక్కి వాలి సినిమా చూసినట్టు చూస్తారు, అయిపోయాక అర్థమైంది అంటారు. ఆ మాట అబద్ధం కాదు, నిజంగానే వాళ్ళకు అలా అనిపిస్తుంది. వంట వీడియో పూర్తిగా చూసినప్పుడు మనకూ చేయి తిరిగినట్టే ఉంటుంది, పొయ్యి వెలిగించాకే సంగతి తెలుస్తుంది. అందుకని వీడియో చిన్నది ఎంచుకోండి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో లక్షల వీక్షణలు పరిశీలించి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఆరు నిమిషాలు దాటాక చూసేవాళ్ళ శ్రద్ధ తగ్గిపోతుందని తేలింది. వాళ్ళు పెద్దవాళ్ళు, సొంత ఇష్టంతో చేరినవాళ్ళు. మన పిల్లకు నలభై నిమిషాల లెక్చర్ పెట్టి కూర్చోమనడం అన్యాయం.

ఫోన్ నిలబెట్టండి, ముందు నోట్‌బుక్, చేతిలో పెన్. వీడియోలో సార్ లెక్క బోర్డు మీద రాయగానే ఆపాలి. పాప తనే ప్రయత్నించాలి, రాకపోయినా రెండు నిమిషాలు కుస్తీ పట్టాలి. తర్వాత నడిపించి, తన దారి ఎక్కడ తప్పిందో అక్కడ గీత గీయాలి. అదే రోజు వీడియో మూసేసి అలాంటివే రెండు. మర్నాడు కొత్తది మొదలెట్టే ముందు నిన్నటివి రెండు, పుస్తకం చూడకుండా. ఈ చివరిదే అందరూ ఎగ్గొడతారు, అసలు బలం అందులోనే ఉంది. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం చాలా ప్రసిద్ధం. ఒక భాగాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు వారం తర్వాత పరీక్షలో ముందున్నారు. స్కూల్లో పెట్టే ఎస్ఏ పరీక్ష వారం తర్వాతే కదా వచ్చేది, అయిదు నిమిషాలకు కాదు.

మీకు లెక్కలు గుర్తు లేకపోయినా ఈ పని చేయించొచ్చు. రోజూ తేదీ వేసిందా, వీడియో ఆపి తను రాసిన ప్రయత్నం పేజీలో ఉందా, నిన్నటివి రెండు చేసిందా, అంతే చూడాలి. ఆ తర్వాత ఒక లెక్క వేలితో చూపించి, దీన్ని నాకు చెప్పమ్మా, నాకు రాదు అనండి. చెప్పగలిగితే వచ్చినట్టు. ఆదివారం పొద్దున ఆ వారం తప్పుపోయినవి మాత్రమే ఒక కాగితం మీద మళ్ళీ. రెండు ఆదివారాలు వరసగా అదే రకం తప్పు కనిపిస్తే వీడియోతో అయ్యే పని కాదు, స్కూల్లో లెక్కల సార్‌ను కలవండి. పీటీఎం (పేరెంట్స్ మీటింగ్) దాకా ఆగక్కర్లేదు. పాప వీక్ అంటున్నారు ఏం చేయమంటారు అని అడిగితే, ప్రాక్టీస్ చేయించండి అని పంపేస్తారు. భిన్నాలు కూడేటప్పుడు ఇలా రాస్తోంది సార్ అని పేజీ చూపిస్తే అయిదు నిమిషాల్లో దారి చెబుతారు. మాకూ అలాంటి తల్లిదండ్రులంటే ఇష్టం, తక్కువమంది వస్తారు.

ట్యూషన్ అవసరమైతే మీ కాలనీలోనే అయిదారుగురు పిల్లలకు చెప్పే డిగ్రీ అమ్మాయి చాలామటుకు చాలు. ఎనిమిదో తరగతికే అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లూ, ఫౌండేషన్ బ్యాచ్‌లూ వద్దు. ట్రాఫిక్‌లో పోయే గంటలో పాప నిద్ర పోవడం మేలు.

భాష సంగతి కూడా చూడాలి. ఇంగ్లిష్ మీడియం అన్నారు. సైన్స్‌లో మార్కులు తగ్గడానికి సగం సార్లు సైన్స్ కారణం కాదు. ప్రశ్న అర్థం కాదు, అర్థమైనా జవాబుకు వాక్యం కుదరదు. దీనికి ప్రభుత్వ బడుల పుస్తకాలు మీకు చాలా పనికొస్తాయి. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు రెండు భాషల పుస్తకాలు వేశారు. పక్కపక్క పేజీల్లో అదే పాఠం ఇంగ్లిష్‌లో, తెలుగులో ఉంటుంది. ప్రైవేట్ స్కూల్ పిల్లలు వీటిని ముట్టుకోరు, ఎందుకో తెలియదు. టీ-శాట్ విద్య పాఠాలు యూట్యూబ్‌లో ఉంటాయి. పాఠం తెలుగులో విని, తెలుగు పేజీ చదివి, అప్పుడు ఇంగ్లిష్ పేజీ చదివి, మూడు నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు తన మాటల్లో రాయమనండి. ఇంగ్లిష్ పాడవుతుందని భయపడకండి. అర్థం కాని ఇంగ్లిష్‌ను బట్టీ పట్టిన పిల్లకే ఆ భాష రాదు.

టెక్నాలజీ నిజంగా అక్కరకొచ్చేది ఫిజికల్ సైన్స్‌లో. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, ఉన్నాయి. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ వాటిని 2002లో మొదలుపెట్టారు. ఉచితం, ఫోన్ బ్రౌజర్లో తెరుచుకుంటాయి, కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది. మీ పాపకు ఈ ఏడాది బలం, ఘర్షణ పాఠాలున్నాయి. బలం, చలనం సిమ్యులేషన్ తెరిచి, ఘర్షణ సున్నా చేసి, పెట్టెను తోసే మనిషిని పెట్టండి. బటన్ నొక్కే ముందు అడగండి: మధ్యలో తోయడం ఆపేస్తే పెట్టె ఏమవుతుంది? మా క్లాసులో చేతులెత్తించి అడిగితే ఏటా ఎక్కువమంది ఆగిపోతుంది అంటారు. ఆగదు, అదే వేగంతో పోతూనే ఉంటుంది. అప్పుడు క్లాసులో పుట్టే గొడవే అసలు పాఠం. ముందు ఊహ చెప్పించకుండా ఊరికే బటన్లు నొక్కనిస్తే అది వీడియో గేమ్ అయి కూర్చుంటుంది.

నక్షత్రాల పాఠం వచ్చినప్పుడు స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్ పెట్టి ఉత్తరం వైపు చూడమనండి. ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మన అక్షాంశం ఎంతో ఆ నక్షత్రం ఎత్తు అంతే. ఊరు శ్రీనగర్‌కు మారిస్తే 34కు ఎక్కుతుంది, కన్యాకుమారికి మారిస్తే 8కి దిగుతుంది. ఎందుకని పాపనే చెప్పమనండి. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు, కాబట్టి మేడ మీదికెళ్ళి ఉత్తరాన రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ ఎత్తులో వెతకాలి. మియాపూర్ అపార్ట్‌మెంట్ల మధ్య కనపడటం అదృష్టమే. వికారాబాద్ వైపో సొంతూరికో వెళ్ళినప్పుడు కచ్చితంగా చూపించండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం ఉన్నాయి, ఒక సెలవు రోజు చాలు.

చాట్‌జీపీటీ లాంటివాటి గురించి మీరు అడగలేదు, పాప మాత్రం వాడుతూనే ఉండొచ్చు. హోంవర్క్ నోట్స్ ఉన్నట్టుండి చక్కగా, తప్పుల్లేకుండా ఉండి, స్లిప్ టెస్ట్‌లో మాత్రం అదే మార్కులు వస్తుంటే అదే కారణం కావచ్చు. టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూల్ పిల్లల మీద లెక్కల్లో చేసిన ప్రయోగం 2025లో అచ్చయింది. మామూలు చాట్‌బాట్ చేతిలో ఉన్నవాళ్ళు ప్రాక్టీస్ లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. అది తీసేసి పరీక్ష పెడితే, అసలు చాట్‌బాటే వాడని పిల్లల కంటే 17 శాతం వెనకబడ్డారు. ఇంకో గుంపుకు జవాబు నేరుగా చెప్పకుండా, టీచర్లు రాసిచ్చిన సూచనలతో నడిచే చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్ళకు ఆ నష్టం దాదాపు కనపడలేదు.

కాబట్టి పూర్తిగా మానిపించే ప్రయత్నం చేయకండి, ఎలాగూ ఆగదు. అడిగే తీరు మార్పించండి. పాప ముందు తన ప్రయత్నం టైప్ చేయాలి, తర్వాత ఇలా రాయాలి: జవాబు చెప్పొద్దు, నేను ఎక్కడ తప్పు చేశానో కనిపెట్టడానికి ఒక్క ప్రశ్న అడుగు. ఇలాగైతే ఓపికగా పక్కన కూర్చునే మనిషిలా బాగానే పనిచేస్తుంది. అప్పుడప్పుడు ధీమాగా తప్పు కూడా చెబుతుంది, ఆఖరి జవాబు పుస్తకం వెనక చూసుకోవాలి. ఇంకో సంగతి, చాట్‌జీపీటీ కంపెనీ నిబంధనల ప్రకారం 13 ఏళ్ళలోపు పిల్లలు వాడకూడదు, 18 లోపు వాళ్ళు తల్లిదండ్రుల అనుమతితో వాడాలి. పాపకు విడిగా లాగిన్ ఎందుకు, మీ ఫోన్‌లో హాల్లో కూర్చుని వాడుకోనివ్వండి. మన రాష్ట్రంలో కూడా 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో, చదవడంలో లెక్కల్లో వెనకబడిన ప్రాథమిక తరగతుల పిల్లలకు ఏఐతో నేర్పే కార్యక్రమం మొదలైంది. అక్కడ కూడా టీచర్ వెనక నిలబడి చూసే బడికీ, కంప్యూటర్ గది తాళం తీసి వదిలేసే బడికీ తేడా ఉంటుందని నా నమ్మకం.

స్కూల్ ట్యాబ్ విషయం త్వరగా తేల్చేద్దాం. ఏ సబ్జెక్టుకు, వారానికి ఎన్ని పీరియడ్లు వాడతారో రాతపూర్వకంగా అడగండి. వాళ్ళు చెప్పిన కంపెనీదే, వాళ్ళ దగ్గరే కొనాలంటే ఎందుకో అడగండి. పగిలితే ఎవరు భరిస్తారు, పాప వివరాలు ఏ యాప్ కంపెనీకి వెళ్తున్నాయి అన్నవీ అడగాలి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. క్లాసులో వాడకుండా హోంవర్క్ పంపడానికే అయితే డైరీ చాలు. ఇంటికి ఏదో ఒకటి కొనాలనే ఉంటే నేనైతే ట్యాబ్ కంటే వాడిన ల్యాప్‌టాప్ తీసుకుంటాను. సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) కంప్యూటర్ షాపుల్లో దొరుకుతాయి. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ ఎంతసేపు వస్తోందో షాపులోనే చూసుకోండి. టైప్ చేయొచ్చు, పెద్ద తెర, పైగా మంచం మీదికి తీసుకెళ్ళడం కష్టం. ఈ చివరిది చాలా పెద్ద లాభం.

ప్యాకేజీ సంగతికి వస్తే, 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ ఇలాంటి కంపెనీల గురించి తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక ఇచ్చింది. ఉచిత ట్రయల్ పేరుతో ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని, షరతులు చదవకుండా చేరొద్దని అందులో ఉంది. వాళ్ళు ఈఎంఐ అనేది చాలాసార్లు ఫీజు వాయిదా కాదు, మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పాప రెండో నెల మానేసినా, కంపెనీయే మూతపడినా ఆ అప్పు మీ మెడకే ఉంటుంది, సిబిల్ స్కోరు పడిపోయేది కూడా మీదే. దేశంలో అంత పెద్దది అనుకున్న బైజూస్ మాతృసంస్థే 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ఆల్రెడీ ఎక్కడైనా ఓటీపీ చెప్పి ఉంటే ఇవాళే బ్యాంకు యాప్‌లో ఆటో డెబిట్ మ్యాండేట్లు చూసుకోండి, రద్దు చేస్తున్నట్టు మెయిల్ పెట్టండి. వాళ్ళు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

డబ్బు పెట్టే కోర్సులన్నీ దండగ అని నేననను. పాప ఏ మెట్టు మీద ఉందో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టేది, నెల నెలా కట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలిగేది, రాసిన జవాబు ఒక టీచర్ చూసి తిప్పి పంపేది దొరికితే ఆలోచించండి. ఈ మూడూ ఉన్నది నాకు చాలా అరుదుగా కనిపించింది.

బాబు చిన్నవాడు, వాడికి ఆన్‌లైన్ చదువు ఏమీ అక్కర్లేదు. పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ అయిదు నుంచి పదేళ్ళ పిల్లలకు మొత్తం తెర సమయం రోజుకు రెండు గంటలు దాటొద్దంటుంది, టీవీతో కలిపి. ఆన్‌లైన్ క్లాసులే దిక్కైన 2020లో కూడా కేంద్రం ప్రజ్ఞాత మార్గదర్శకాల్లో ఎనిమిదో తరగతి వరకు రోజుకు ముప్పావుగంట మించని రెండు సెషన్లే ఉండాలంది. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి. భోజనం దగ్గర, మంచం మీద ఫోన్ లేదన్న నియమం పెట్టండి, కానీ అది మీకూ వర్తించాలి, లేకపోతే రెండో రోజే అడిగేస్తాడు. ఫోన్ ఇవ్వక తప్పని సాయంత్రాల్లో ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ తెరవండి. అందులో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉంటాయి, అన్నీ ఉచితం. వాడు పైకి చదవాలి, అక్క వినాలి. మూడో తరగతిలో తడబడకుండా చదవడం, ఎక్కాలు, తీసివేతలో అప్పు తెచ్చుకోవడం వచ్చేస్తే ఎనిమిదిలో మీరు ఈ ప్రశ్న మళ్ళీ అడగాల్సిన అవసరం రాదు.

పాపతో ఆ మూడు లెక్కలు ఈ శనివారమే చేయించి, అది రాసిన స్టెప్పులు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి. ఏ తరగతి పుస్తకంలో ఏ పాఠం నుంచి మొదలెట్టాలో, దాదాపు ఎన్ని వారాలు పడుతుందో చూసి చెబుతాను. ఈలోపు ప్యాకేజీ ఆయన ఫోన్ చేస్తే, మా పాప 1/2కు 1/3 ఎలా కలుపుతుందో మీ టెస్ట్‌లో తేలిందా అని ఒక్క మాట అడిగి చూడండి.